కరెంటు కంపెనీకి కస్టమర్లే ఓనర్లు: అమెరికా విద్యుత్ కోఆప్‌లలో సేవ ఎంత, పెత్తనం ఎవరిది?

డల్లాస్‌కి ఉత్తరాన డెంటన్, ఫ్రిస్కో వైపు ఇల్లు తీసుకున్నవాళ్లలో చాలామందికి కరెంటు కోసర్వ్ నుంచి వస్తుంది, అట్లాంటాకి ఉత్తరాన ఫోర్సైత్ కౌంటీలో అయితే సానీ ఈఎంసీ నుంచి. రెండు చోట్లా తెలుగువాళ్లు బాగానే ఉన్నారు, కొత్తగా వెళ్లినవాళ్లకి వచ్చే డౌట్లు కూడా దాదాపు ఒకటే. కనెక్షన్ తీసుకుంటే "మెంబర్" అని ఎందుకంటున్నారు, ఏడాదికోసారి బ్యాలెట్ ఎందుకొస్తోంది, కాపిటల్ క్రెడిట్ అని లెక్క పంపిస్తారు గానీ ఆ డబ్బు చేతికెప్పుడొస్తుంది, బిల్లుని పై డాలరుకి రౌండ్ చేసి తీసుకున్న చిల్లర ఎటు పోతుంది, టెక్సాస్‌లో పక్క కాలనీవాళ్లు ఇష్టమొచ్చిన కంపెనీకి మారుతుంటే మనకి ఆ చాయిస్ ఎందుకు లేదు.

ఇవి ఎలక్ట్రిక్ కోఆపరేటివ్‌లు, అంటే కరెంటు వాడేవాళ్లే యజమానులుగా ఉండే సహకార సంఘాలు. వాడుకలో కోఆప్ అంటారు. 48 రాష్ట్రాల్లో కలిపి సుమారు 900 ఉన్నాయి, దాదాపు 4.2 కోట్ల మందికి కరెంటు ఇస్తున్నాయి. జనాభాలో అది ఎనిమిదో వంతే, కానీ దేశ భూభాగంలో సగానికి పైగా వీటి లైన్ల కిందే ఉంది.

క్లుప్తంగా

కోఆప్‌కి బయటి షేర్‌హోల్డర్లు ఉండరు కాబట్టి మిగులు సభ్యులకే చెందుతుంది, అది ఎప్పుడు తిరిగివ్వాలో మాత్రం బోర్డు తేలుస్తుంది. కళ్లకి కనిపించే ఊరి సేవ (స్కాలర్‌షిప్‌లు, రౌండప్ ఫండ్) మంచిదే, అయితే సభ్యుడి జేబు మీద అంతకన్నా ఎన్నో రెట్లు ప్రభావం చూపేది రేట్లు, కరెంటు కొనుగోలు ఒప్పందాలు, కాపిటల్ క్రెడిట్ల మీద బోర్డు తీసుకునే నిర్ణయాలు. ఆ బోర్డుని ఎన్నుకునే ఓటింగ్ చాలా చోట్ల 10 శాతం కూడా దాటదు. సమస్యలన్నీ ఎక్కువగా అక్కడినుంచే మొదలయ్యాయి.

అసలు ఇవి ఎందుకు పుట్టాయి

1930ల మధ్యలో అమెరికా పట్టణాల్లో పదింట తొమ్మిది ఇళ్లకి కరెంటు ఉంటే, పొలాల మధ్య ఉండే ఇళ్లలో పదింట ఒకదానికే ఉండేది. కారణం సింపుల్, పట్టణంలో మైలు లైను వేస్తే పదుల సంఖ్యలో కస్టమర్లు దొరుకుతారు, పల్లెలో ముగ్గురో నలుగురో, స్తంభానికీ తీగకీ అయ్యే ఖర్చు మాత్రం తగ్గదు. ప్రైవేటు కంపెనీలు గిట్టుబాటు కాదని పక్కన పెట్టేశాయి.

1935 మేలో ప్రెసిడెంట్ రూజ్వెల్ట్ ఒక ఎగ్జిక్యూటివ్ ఆర్డర్‌తో రూరల్ ఎలక్ట్రిఫికేషన్ అడ్మినిస్ట్రేషన్ (ఆర్‌ఈఏ) పెట్టారు, మరుసటి ఏడాది దానికి చట్టం వచ్చింది. మొదట్లో అనుకున్నది ప్రైవేటు కంపెనీలకే చవక అప్పులిచ్చి పల్లెలకి లైన్లు వేయించాలని. వాళ్లు పెద్దగా ముందుకి రాలేదు, రైతులు వచ్చారు. ఇంటింటికీ తిరిగి మనిషికి 5 డాలర్ల సభ్యత్వ రుసుము వసూలు చేసి, సంఘం రిజిస్టర్ చేసి, ఆర్‌ఈఏ దగ్గర అప్పు తెచ్చుకుని స్తంభాలు పాతుకున్నారు. అంతకు ముందే 1934లో మిసిసిపీలోని కొరింత్‌లో ఆల్కార్న్ కౌంటీ సంఘం టీవీఏ (టెనెసీ వ్యాలీ అథారిటీ అనే కేంద్ర ప్రభుత్వ విద్యుత్ సంస్థ) సాయంతో ఇది సాధ్యమేనని చూపించింది. కొన్నిచోట్ల కోఆప్ మొదలవుతోందని తెలియగానే ప్రైవేటు కంపెనీ హడావుడిగా వచ్చి బాగా డబ్బులొచ్చే ఇళ్లకి మాత్రమే లైను లాగేసేది, దానికి స్పైట్ లైన్ అని పేరు కూడా పడింది, మంచి కస్టమర్లు పోతే మిగతావాళ్లతో సంఘం నిలబడదు కదా. అయినా నిలబడ్డాయి. 1950ల మొదటికల్లా పదింట తొమ్మిది పొలాలకి కరెంటు వచ్చేసింది.

ఈ పాత లెక్క ఇప్పటికీ మారలేదు. కోఆప్‌లకి మైలు లైనుకి సగటున ఎనిమిది మంది కస్టమర్లుంటే ప్రైవేటు కంపెనీలకి ముప్పై దాకా ఉంటారు. కోఆప్ రేటు ఎక్కువో తక్కువో మాట్లాడేటప్పుడు ఈ తేడా చూడకుండా పక్క సిటీ బిల్లుతో పోల్చడం న్యాయం కాదు. ఫ్రిస్కో, ఫోర్సైత్ లాంటి చోట్ల పొలాలు కాలనీలైపోయాయి గనక అక్కడి కోఆప్‌లకి ఈ కష్టం ఇప్పుడు తక్కువ, కానీ పుట్టుక వాటిదీ ఇదే.

టెక్సాస్ చాయిస్ సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. ఆ రాష్ట్రం రిటైల్ కరెంటులో పోటీ తెచ్చినప్పుడు అందులో చేరాలా వద్దా అన్నది కోఆప్ బోర్డులకే వదిలేసింది, దాదాపు అన్నీ చేరకూడదనే నిర్ణయించుకున్నాయి. చట్టం చూపులో అక్కడ కస్టమర్ చేతిలో ఉన్నది కంపెనీ మార్చే హక్కు కాదు, బోర్డుని మార్చే హక్కు.

మిగిలిన డబ్బు ఎటు పోతుంది

ప్రైవేటు కంపెనీలో లాభం షేర్‌హోల్డర్లకి డివిడెండ్‌గా పోతుంది. కోఆప్‌లో ఏడాది చివర ఖర్చులన్నీ పోను మిగిలినదాన్ని మార్జిన్ అంటారు, ఆ ఏడాది ఎవరు ఎంత కరెంటు కొన్నారో ఆ నిష్పత్తిలో సభ్యులందరి పేరు మీదా పుస్తకాల్లో రాస్తారు. అదే కాపిటల్ క్రెడిట్. రాసినంత మాత్రాన చేతికి రాదు, ఆ డబ్బుతోనే ట్రాన్స్‌ఫార్మర్లు, సబ్‌స్టేషన్లు, తీగలు కొంటారు, పదిహేనేళ్లకో పాతికేళ్లకో సంఘం ఆర్థిక పరిస్థితి చూసుకుని పాత సంవత్సరాల క్రెడిట్లు చెక్కుగానో బిల్లులో తగ్గింపుగానో వెనక్కి ఇస్తారు. మామూలుగా వడ్డీ ఉండదు. అంటే సభ్యులు తెలియకుండానే తమ సంఘానికి దీర్ఘకాలం వడ్డీ లేని పెట్టుబడి పెడుతున్నారు.

ఊరు మారిపోయినా క్రెడిట్ పోదు, కానీ అడ్రస్ అప్‌డేట్ చేయకపోతే చెక్కు ఎక్కడికో పోతుంది. ఇలా ఎవరూ క్లెయిమ్ చేయని సొమ్ము బాగానే పేరుకుంటుంది. చాలా రాష్ట్రాల్లో అది ప్రభుత్వానికి అప్పగించాలి, టెక్సాస్ లాంటి కొన్ని రాష్ట్రాలు మాత్రం స్కాలర్‌షిప్‌లకి, స్థానిక అభివృద్ధికి వాడుకోవడానికి చట్టంలోనే వీలిచ్చాయి. కోఆప్ ఇచ్చే స్కాలర్‌షిప్ వెనక ఎప్పుడో ఊరు వదిలి వెళ్లినవాళ్ల డబ్బు కూడా ఉండొచ్చన్నమాట.

ఆదాయపు పన్ను మినహాయింపుకి ఒక షరతు ఉంది. సంఘం ఆదాయంలో కనీసం 85 శాతం సభ్యుల నుంచే రావాలి, అంతకన్నా తగ్గితే ఆ ఏడాదికి మినహాయింపు పోతుంది. బయట వ్యాపారాలు చేసి ఊరికి సేవ చేద్దామన్నా కోఆప్‌కి ఒక హద్దు ఉండటానికి ఇదో కారణం.

సేవ: చిల్లర నుంచి ఇంటర్నెట్ దాకా

సహకార సూత్రాల మూలం 1844 నాటి ఇంగ్లండ్ రోచ్‌డేల్ సంఘం దాకా పోతుంది. ఇప్పుడు ప్రపంచమంతా వాడే ఏడు సూత్రాల జాబితాలో చివరిది, స్థానిక సమాజం పట్ల శ్రద్ధ, 1995లో చేరింది. అమెరికా విద్యుత్ కోఆప్‌లు దీన్ని గట్టిగానే పట్టుకున్నాయి.

అందరికీ తెలిసినది ఆపరేషన్ రౌండప్. 1989లో సౌత్ కరోలినాలోని పాల్మెట్టో ఎలక్ట్రిక్ మొదలుపెట్టింది, తర్వాత వందల కోఆప్‌లకి పాకింది. బిల్లు 83 డాలర్ల 40 సెంట్లు వస్తే 84 తీసుకుంటారు, ఆ 60 సెంట్లు ఒక ప్రత్యేక ట్రస్టుకి వెళ్తాయి, ఆ ట్రస్టుకి సభ్యుల్లోంచే వేరే బోర్డు ఉంటుంది, అది స్థానిక ఫుడ్ బ్యాంకులకో, వాలంటీర్ ఫైర్ సర్వీసుకో, కష్టంలో ఉన్న కుటుంబాలకో ఇస్తుంది. నెలకి గరిష్ఠంగా 99 సెంట్లు, ఏడాదికి 11 డాలర్ల 88 సెంట్లు దాటదు, సగటున 6 డాలర్లు. 30,000 మంది సభ్యులున్న సంఘంలో అందరూ చేరితే ఏడాదికి లక్షా ఎనభై వేల డాలర్లు పోగవుతాయి, చిన్న కౌంటీకి అది చిన్న మొత్తం కాదు. అడగకుండానే అందరినీ చేర్చేసి, వద్దన్నవాళ్లే ఫోన్ చేసి చెప్పుకోవాలనే పద్ధతి పెట్టిన సంఘాలు చాలా ఉన్నాయి. చేరే సంఖ్య దానివల్ల పెరుగుతుంది నిజమే, కానీ సభ్యుడికి చెప్పి తీసుకోవడానికీ చెప్పకుండా తీసుకోవడానికీ తేడా ఉంది.

తుఫాన్లప్పుడు పరస్పర సాయం ఇంకో ముఖ్యమైన పని. హరికేన్ వచ్చి లైన్లు కూలితే వేరే రాష్ట్రాల కోఆప్‌ల లైన్‌మెన్ బకెట్ ట్రక్కులేసుకుని వచ్చేస్తారు, ఒప్పందాలు ముందే రాసి ఉంటాయి. హైస్కూలు పిల్లల్ని వాషింగ్టన్ తీసుకెళ్లే యూత్ టూర్ కూడా ఉంది.

ఈ మధ్య అన్నిటికన్నా పెద్ద మార్పు తెచ్చింది బ్రాడ్‌బ్యాండ్. 1935లో కరెంటుకి ఏ కారణంతో కంపెనీలు రాలేదో అదే కారణంతో ఫైబర్ ఇంటర్నెట్‌కీ రాలేదు, కోఆప్‌కి మాత్రం స్తంభాలు, దారి హక్కులు, బిల్లింగ్ సిస్టమ్ అన్నీ ఉన్నాయి. అయితే చాలా రాష్ట్రాల చట్టాలు కోఆప్ కరెంటు పని మాత్రమే చేయాలని కట్టేశాయి. మిసిసిపీ 2019 జనవరిలో ఆ కట్టు విప్పింది, అదే ఏడాది జార్జియా కూడా. ఇది దానం లాంటిది కాదు, కోట్ల డాలర్ల అప్పు. ఫైబర్ వ్యాపారం దెబ్బతింటే కరెంటు బిల్లు కట్టేవాళ్ల మీద ఎంత భారం పడుతుందో, పడకుండా ఏ గోడ కట్టారో సభ్యులకి బోర్డు చూపించాల్సిన అవసరం ఇక్కడ చాలా ఉంది.

ఒక సెంటు లెక్క

అమెరికాలో ఇల్లు ఏడాదికి సగటున 10,000 యూనిట్ల పైనే వాడుతుంది. యూనిట్ రేటు ఒక్క సెంటు పెరిగితే ఏడాదికి 100 డాలర్లు దాటుతుంది, రౌండప్‌కి ఇచ్చే 6 డాలర్లకి ఇది పదహారు రెట్లు పైనే. అంటే కరెంటు ఎక్కడ కొనాలో సరిగ్గా ఆలోచించి ఒక సెంటు ఆదా చేసిన బోర్డు, ఫొటోలు వచ్చే ఎన్నో దాన కార్యక్రమాలకన్నా పెద్ద సేవ చేసినట్టే. ఇది సభ్యుల పత్రికలో కవర్ పేజీ మీదకి రాదు, అదే ఇబ్బంది.

బోర్డు ఎన్నికలు ఎక్కడ దారి తప్పుతాయి

రూలు ఒక సభ్యుడికి ఒక ఓటు, పెద్ద డెయిరీ ఫారమ్‌కీ ఒంటరి ముసలావిడ ఇంటికీ సమానం. డైరెక్టర్లు సభ్యుల్లోంచే రావాలి, పదవి సాధారణంగా మూడేళ్లు, వాళ్లే జనరల్ మేనేజర్‌ని నియమిస్తారు, రేట్లు ఖరారు చేస్తారు. కెంటకీ లాంటి చోట్ల రాష్ట్ర కమిషన్ కోఆప్ రేట్లు చూస్తుంది, కానీ టెక్సాస్ సహా చాలా రాష్ట్రాల్లో బోర్డు మాటే ఫైనల్. సభ్యులు బోర్డుని మార్చుకోగలరు కాబట్టి వేరే కాపలా అక్కర్లేదన్నది దీని వెనకున్న వాదం.

ఓటింగ్ పడిపోయినప్పుడు ఈ వాదం బలహీనపడుతుంది. చాలా సంఘాల్లో వార్షిక సమావేశానికి వచ్చి ఓటేయాలి, భోజనాలు, బహుమతుల డ్రా పెట్టినా వచ్చేది కొద్దిమందే. దానికి తోడు నామినేషన్ కమిటీని బోర్డే వేస్తుంది, కమిటీ సీటుకి ఒక్క పేరే పెడుతుంది, కొన్ని చోట్ల రానివాళ్ల ప్రాక్సీ ఓట్లు (తమ తరఫున వేయమని వేరేవాళ్లకి అప్పగించే ఓట్లు) బోర్డు చేతిలోకే పోతాయి. ఇందులో ఒక్కోటీ చూస్తే చిన్న విషయమే, అన్నీ కలిస్తే బోర్డు తనని తానే ఎన్నుకున్నట్టు.

పెడర్నాలెస్ కథ దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. 1938లో టెక్సాస్ హిల్ కంట్రీలో, అప్పటికి యువ కాంగ్రెస్‌మన్‌గా ఉన్న లిండన్ జాన్సన్ పట్టుబట్టి తెప్పించిన కోఆప్ ఇది, ఇప్పుడు 4 లక్షలకి పైగా మీటర్లతో దేశంలోనే పెద్దది. 2007లో ఖర్చులు, జీతాలు, మూసి ఉన్న ఎన్నికల పద్ధతి మీద సభ్యులు కోర్టుకెళ్లారు, 2008లో అప్పటి జనరల్ మేనేజర్ తప్పుకున్నారు, అదే ఏడాది అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు విచారణ జరిగింది, 2010లో జ్యూరీ ఆయన్ని దోషిగా తేల్చింది. తర్వాత జరిగిందే ఎక్కువ చెప్పుకోవాలి: పోటీ ఎన్నికలు వచ్చాయి, బోర్డు మీటింగులు సభ్యులకి తెరిచారు, రికార్డులు అడిగి చూసే హక్కు వచ్చింది. ప్రభుత్వం వచ్చి స్వాధీనం చేసుకోవాల్సిన పని పడలేదు.

సౌత్ కరోలినాలో ట్రై-కౌంటీ ఎలక్ట్రిక్‌ది ఇంకా నేరుగా సాగింది. పార్ట్‌టైమ్ బోర్డుకి మీటింగుకి ఇంత అని భత్యం ఉంది, మీటింగులు పెరిగాయి, పారితోషికం కూడా. విషయం పత్రికల్లో రాగానే 2018 ఆగస్టులో సభ్యులు ప్రత్యేక సమావేశంలో మొత్తం బోర్డుని దింపేశారు. 2019లో ఆ రాష్ట్రం చట్టమే మార్చింది, డైరెక్టర్ల పారితోషికం సభ్యులకి తెలపాలి, ముందస్తు ఓటింగ్‌కి వీలుండాలి, రాష్ట్ర రెగ్యులేటరీ స్టాఫ్ ఆఫీసు తనిఖీ చేయొచ్చు. రౌండప్ పుట్టిన రాష్ట్రమే ఇది. సేవా సంప్రదాయం ఎంత బలంగా ఉన్నా అది లెక్కల పారదర్శకతకి బదులు పనిచేయదని ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే అర్థమవుతుంది.

పైన ఉన్న ఇంకో కోఆప్

ఊళ్లో ఉండేది డిస్ట్రిబ్యూషన్ కోఆప్. అది కరెంటు కొనేది ఎక్కువగా జీ అండ్ టీ (జనరేషన్ అండ్ ట్రాన్స్‌మిషన్, అంటే కరెంటు తయారుచేసి పెద్ద లైన్ల మీద పంపేది) అనే పెద్ద కోఆప్ దగ్గర, దానికి ఓనర్లు ఈ చిన్న కోఆప్‌లే. ఒప్పందాలు దశాబ్దాల పాటు ఉంటాయి, కావాల్సిన కరెంటు దాదాపు మొత్తం అక్కడే కొనాలి. ప్లాంట్లు కట్టడానికి చవకగా అప్పు పుట్టాలంటే ఇలాంటి గ్యారంటీ కావాలి, అందులో తప్పేం లేదు. అయితే బయట సోలార్, విండ్ చవకయ్యాక ఈ ఒప్పందమే కాళ్లకి అడ్డం పడింది. కొలరాడో కేంద్రంగా ఉన్న ట్రై-స్టేట్‌లో సొంతంగా తెచ్చుకునే కరెంటుకి 5 శాతం పరిమితి ఉండేది, న్యూ మెక్సికో టావోస్‌లోని కిట్ కార్సన్ 2016లో 3.7 కోట్ల డాలర్ల ఎగ్జిట్ ఫీజుతో బయటికొచ్చింది, 2020లో డెల్టా-మాంట్రోజ్, 2024లో యునైటెడ్ పవర్ అదే దారి పట్టాయి.

రెండో రకం రిస్కు 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో బయటపడింది. టెక్సాస్‌లో బ్రాజోస్ ఎలక్ట్రిక్ అనే జీ అండ్ టీకి కొద్ది రోజుల కరెంటుకి 180 కోట్ల డాలర్ల పైన బిల్లు వచ్చింది, మార్చి 1న దివాలా పిటిషన్ వేసింది. దాని సభ్య కోఆప్‌లలో కోసర్వ్ కూడా ఒకటి. షేర్‌హోల్డర్లు లేని చోట నష్టం పంచుకోవడానికి ఉండేది సభ్యులే, మిగులు సభ్యులదే అనే సూత్రానికి ఇది అవతలి వైపు. సామాన్య సభ్యుడు ఈ పై అంతస్తు బోర్డుకి నేరుగా ఓటేయలేడు, తన కోఆప్ పంపిన ప్రతినిధి వేస్తాడు.

సిరిసిల్లతో పోలిక

అమెరికా కోఆప్‌ల జాతీయ సంఘం ఎన్ఆర్ఈసీఏ సాయంతో ఈ మోడల్ ఇండియాకీ వచ్చింది. 1969లో కేంద్ర ప్రభుత్వ రూరల్ ఎలక్ట్రిఫికేషన్ కార్పొరేషన్ (ఆర్ఈసీ) ఏర్పడ్డాక ఐదు చోట్ల ప్రయోగాత్మకంగా గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలు పెట్టారు, అందులో సిరిసిల్ల సెస్ (సహకార విద్యుత్ సరఫరా సంఘం) ఒకటి, కర్ణాటక హుక్కేరి ఒకటి, మహారాష్ట్ర ములా-ప్రవర ఒకటి. సిరిసిల్ల, హుక్కేరి నిలబడ్డాయి. ములా-ప్రవర బకాయిలు పేరుకుపోయి 2011లో పంపిణీ బాధ్యతే కోల్పోయింది.

పైకి రెండూ ఒకేలా ఉన్నా లోపల తేడా చాలా ఉంది. సెస్ కరెంటు కొనేది రాష్ట్ర డిస్కం దగ్గర, టారిఫ్ తేల్చేది రెగ్యులేటరీ కమిషన్, వ్యవసాయానికీ మరమగ్గాలకీ సబ్సిడీ ప్రభుత్వ నిర్ణయం. బోర్డు చేతిలో మిగిలేది ఎక్కువగా లైన్లు, సిబ్బంది, రిపేర్లు, వసూళ్లు. ఎన్నికలు మాత్రం 2022 డిసెంబర్‌లో పార్టీల మధ్య నేరుగా హోరాహోరీగా జరిగాయి. అమెరికాలో అధికారం నిండుగా ఉన్న బోర్డుకి ఓటేసేవాళ్లు లేరు, ఇక్కడ అధికారం తక్కువున్న బోర్డుకి పోటీ విపరీతం.

ఇకముందు కథ డేటా సెంటర్లది

2022 నాటి ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్ కోఆప్‌లకి పన్ను రాయితీని నగదు రూపంలో తీసుకునే వీలిచ్చింది, పాత బొగ్గు ప్లాంట్ల నుంచి మారడానికి 970 కోట్ల డాలర్ల ప్రత్యేక నిధి కూడా పెట్టింది. కానీ ఇప్పుడు బోర్డుల ముందున్న పెద్ద ప్రశ్న వేరే. వర్జీనియాలో నోవెక్, రాపహానాక్ లాంటి కోఆప్‌ల పరిధిలో డేటా సెంటర్లు దిగాయి, ఒక్కో క్యాంపస్ వేల ఇళ్లకి సరిపడా కరెంటు లాగుతుంది. ఓటు విషయంలో డేటా సెంటర్ కూడా ఒక్క సభ్యుడే, మార్జిన్ మాత్రం కొన్న కరెంటుని బట్టి పంచుతారు కాబట్టి సాధారణ పద్ధతిలో పెద్ద వాటా దానికే పోతుంది. దానికోసం సబ్‌స్టేషన్లు కట్టాక కంపెనీ సర్దుకుని వెళ్లిపోతే ఆ అప్పు ఇళ్లవాళ్ల మీద పడుతుంది. అందుకే రాపహానాక్ ఈ లోడ్లని వేరే అనుబంధ సంస్థ ద్వారా నడిపే ఏర్పాటు చేసుకుంది, ఇళ్ల సభ్యులకి ఆ రిస్కు తగలకూడదని.

ఇలాంటి ఒప్పందంలో డిపాజిట్ ఎంత, కనీస బిల్లు ఎన్నేళ్లు కట్టాలి, మధ్యలో వెళ్తే ఎంత కట్టి వెళ్లాలి, ఈ మూడే మిగతా సభ్యుల రేటుని తేలుస్తాయి. అవి చర్చకి వచ్చే బోర్డు మీటింగులో సభ్యుడు కూర్చోవచ్చా లేదా అన్నది ఆ రాష్ట్ర చట్టాన్ని బట్టి, సంఘం బైలాస్‌ని (నియమావళిని) బట్టి ఉంటుంది, ఆ బైలాస్ మార్చేది కొన్ని చోట్ల సభ్యుల ఓటు, కొన్ని చోట్ల వాళ్లు ఎన్నుకున్న బోర్డు, ఎలా చూసినా సభ్యుడి చేతిలో ఉన్నది మళ్లీ ఏడాదికోసారి వచ్చే ఆ బ్యాలెటే.